మిగిలిన కాస్త వినికిడి కోసం

కరెంటుతో చెవిటివాళ్లకు వినిపించవచ్చని ముందుగా చూపించినవాళ్లు పారిస్‌లో ఇద్దరు. ఒకరు చెవి వైద్యుడు శార్ల్ ఎరియెస్. రెండోవారు ఆంద్రే జూర్నో, శరీరంలో విద్యుత్తు తీరుతెన్నులు చదివిన మనిషి. 1957 ఫిబ్రవరి 25న, రెండు చెవులూ పూర్తిగా పోయిన ఒక రోగి తలలో, శ్రవణనాడి కొనకు దగ్గరగా ఒక చిన్న తీగచుట్ట అమర్చారు. కరెంటు పారినప్పుడల్లా ఆయనకు చప్పుళ్లు వినిపించాయి. మాటలు మాత్రం తెలియలేదు. ఆ పరికరం ఎక్కువ కాలం నిలవనూ లేదు.

ఆ ప్రయోగం సంగతి లాస్ ఏంజలస్‌లో విలియం హౌస్ అనే సర్జన్ చెవిన పడింది. 1961లో ఆయనా ప్రయత్నం మొదలుపెట్టారు. పెట్టిన తీగలను రోగుల శరీరం ఒప్పుకోలేదు, కొద్ది వారాల్లోనే తీసేయాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్‌కు ఎదురైన చిక్కు ఇంకొకటి. ఆయన తండ్రి మందుల షాపు నడిపేవారు. తండ్రికి వినికిడి తక్కువ కావడంతో, వచ్చినవాళ్లు తమకేం కావాలో గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చేది. పక్కన నిలబడి అది చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక చెవి సర్జన్ అయ్యారు. చెవి లోపలి మెలికల గొట్టంలోకి తీగను ఎలా దూర్చాలో మాత్రం చాలా కాలం తేలలేదు. 1977లో సముద్రతీరాన సెలవులు గడుపుతూ, ఒక నత్తగుల్లలోకి గడ్డిపోచలు దూర్చి చూశారు. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పోచ చక్కగా మెలిక తిరిగి లోపలికి పోయింది. మరుసటి ఏడాది, 1978 ఆగస్టు 1న, మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే రోగికి ఆయన చేసిన ఆపరేషన్‌తో, చాలా ఎలక్ట్రోడ్‌లున్న కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల తీగ అమర్చి కరెంటుతో వినిపించే పరికరం) కథ ఊపందుకుంది.

ఆ గెలుపు కథ చాలామంది చెప్పారు. దాని చాటున ఇంకో కథ ఉంది. ఎలక్ట్రోడ్‌ను దూర్చేటప్పుడు లోపల ఏం చితికిపోతోంది అన్న ప్రశ్నతో అది మొదలవుతుంది. ఆ ప్రశ్నను చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. అప్పట్లో ఆపరేషన్ బల్ల మీదికి వచ్చినవాళ్లందరూ పూర్తిగా వినికిడి పోయినవాళ్లే. పోవడానికి ఏమీ మిగలని చోట కాపాడడమన్న మాటే రాదు.

చితకడానికి లోపల ఉన్నదేమిటో కాస్త చెప్పుకోవాలి. వినికిడి అంతా జరిగే కర్ణావర్తం బఠాణీ గింజంత ఉంటుంది. రెండున్నర చుట్లకు పైగా తిరిగిన ఆ గొట్టాన్ని సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది. లోపల ద్రవం, ద్రవం మధ్య పల్చటి పొర, పొర మీద వరసలు కట్టిన సుమారు 15 వేల రోమకణాలు. గొట్టం మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలను పట్టుకుంటాయి, చిట్టచివరి చుట్టులో ఉన్నవి మంద్ర శబ్దాలను పట్టుకుంటాయి. మనిషిలో రోమకణం ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టదు. కోడికి పుడుతుంది! పక్షుల చెవిలో రోమకణాలు మళ్లీ మొలుస్తాయని 1988లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. పెరట్లో తిరిగే కోడికి ఉన్న ఆ వరం దాన్ని పెంచుకునే మనకు లేదు.

1991లో అమెరికాలో బ్లేక్ విల్సన్ బృందం మాటను కరెంటు సంకేతాలుగా మార్చే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టింది. దానితో ఇంప్లాంట్ పెట్టుకున్నవాళ్లు మాటలు ఎంత బాగా పట్టుకోసాగారంటే, చెవి మిషన్‌తో అవస్థపడుతున్నవాళ్లు వాళ్లను చూసి మాకూ పెట్టండని అడగడం మొదలుపెట్టారు. ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి వినికిడి పూర్తిగా పోలేదు. కీచు శబ్దాలు పోయి మంద్ర శబ్దాలు మిగిలాయి. ‘ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు’ అనే మన ఇళ్లలోని పెద్దవాళ్ల పరిస్థితి లాంటిదే ఇది. అచ్చులు వినపడతాయి, స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. మొట్టమొదటిసారిగా, పోగొట్టుకోవడానికి ఏదో కొంత ఉన్న మనిషి ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నాడు.

ఆ మిగిలినదాన్ని పోగొట్టడం తప్పదనే చాలామంది సర్జన్లు అనుకున్నారు. అలా అనుకోని ఒక మనిషి జర్మనీలో ఉన్నారు. హనోవర్‌కు చెందిన ఎర్న్‌స్ట్ లేన్‌హార్ట్ 1993లో ‘మెత్తని శస్త్రచికిత్స’ అనే పద్ధతిని వివరించారు. కర్ణావర్తానికి పెట్టే రంధ్రం చిన్నది కావాలి. డ్రిల్లు లోపలికి దిగకూడదు. రక్తపు బొట్టు గాని ఎముక పొడి గాని లోపలి ద్రవంలో పడకూడదు. ఎలక్ట్రోడ్ సులువుగా జారడానికి, కంటి ఆపరేషన్లలో వాడే హయలురోనిక్ ఆమ్లపు జెల్లును ఆయన అరువు తెచ్చుకున్నారు. ఈ కథలో ఇలాంటి అరువులు ఇంకా వస్తాయి. చెవి వైద్యులు తమకు కావలసినదాన్ని ఎప్పుడూ పక్కింటి నుంచే తెచ్చుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

1997లో మయామీ నుంచి ఒక ఆశ్చర్యకరమైన లెక్క వచ్చింది. థామస్ బాల్కనీ బృందం తమ దగ్గర ఇంప్లాంట్ పెట్టుకున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత వినికిడి పరీక్ష చేసి చూస్తే, మునుపు కొంత వినికిడి ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి అందులో ఎంతో కొంత నిలిచే ఉంది. పోయి తీరుతుందనుకున్నది సగం మందిలో పోలేదు! రెండేళ్లకు, 1999లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్రిస్టోఫ్ ఫోన్ ఇల్‌బెర్గ్, యాన్ కీఫర్ ఇంకో అడుగు వేశారు. ఎలక్ట్రోడ్‌ను చివరి చుట్టు దాకా పోనివ్వకుండా మధ్యలోనే ఆపి, అదే చెవికి ఇంప్లాంటూ చెవి మిషనూ రెండూ పెట్టారు. కీచు శబ్దాలు కరెంటుతో, మంద్ర శబ్దాలు మామూలు దారిలో. అయోవాలో బ్రూస్ గాంట్జ్ పొట్టి ఎలక్ట్రోడ్‌లతో అదే పని చేశారు.

ఆ మిగిలిన కాస్త వినికిడికి ఇంత శ్రమ ఎందుకంటే, ఇంప్లాంట్ మాటను బాగా అందిస్తుంది గాని స్వరాన్ని అందించలేదు. ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్‌లు వేల కణాల పని చేయలేవు కదా. ఇంప్లాంట్ ఒక్కదానితో వినే మనిషికి పాటలో సాహిత్యం తెలుస్తుంది, రాగం చిక్కదు. హోటల్లో, పెళ్లి పందిట్లో, నలుగురూ ఒకేసారి మాట్లాడే చోట ఎవరి గొంతు ఏదో విడదీయడం కష్టం. కాస్తంత సహజమైన మంద్ర వినికిడి తోడైతే ఈ రెండూ మెరుగుపడతాయని ఫ్రాంక్‌ఫర్ట్ రోగులూ అయోవా రోగులూ చూపించారు.

అసలు చిక్కు ఇక్కడే ఎదురైంది. ఆపరేషన్ బాగా జరిగింది, ఎక్కడా చెయ్యి తప్పలేదు, తొలి పరీక్షలో వినికిడి భద్రంగా ఉంది. కొన్ని వారాలో నెలలో గడిచాక అదే రోగి వచ్చి, ఆ చెవిలో వినపడడం లేదంటాడు. పరీక్ష చేస్తే నిజమే, వినికిడిని చూపే గీత కిందికి దిగిపోయి ఉంటుంది. అందరికీ ఇలా జరగదు, ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పలేరు. పొర చిరిగిపోయి ఉంటే వినికిడి ఆ రోజే పోవాలి. ఆపరేషన్ తట్టుకుని నిలిచినది తర్వాత తీరిగ్గా ఎందుకు పోతోంది?

ఈ ముడి విప్పడానికి మయామీలోనే అడ్రియన్ ఎష్రాగి, థామస్ వాన్ డి వాటర్ ఎలుకలను ఆశ్రయించారు. ఎలుక చెవిలోకి సన్నటి తీగ దూర్చి, రోజులు గడిచేకొద్దీ వినికిడి ఎలా మారుతోందో కొలుస్తూ వచ్చారు. 2005లో బయటికి వచ్చిన ఆ కొలతల్లో రెండు దెబ్బలు విడివిడిగా కనిపించాయి. ఒకటి తీగ తగిలిన వెంటనే పడినది. రెండోది ఆ తర్వాతి రోజుల్లో మెల్లమెల్లగా పెరిగినది. గాయపడిన కణజాలం తన రక్షణ కోసం వాపు రసాయనాలను విడుదల చేస్తుంది. ఆ రసాయనాల ధాటికి, తీగ అసలు తగలని రోమకణాలు కూడా తమంతట తాము చచ్చిపోయే క్రమంలోకి జారుకుంటున్నాయి. ఆ తర్వాత వారాల తరబడి ఎలక్ట్రోడ్ చుట్టూ పీచు కణజాలం అల్లుకుంటుంది, కొన్నిసార్లు ఎముక కూడా పెరుగుతుంది.

చూడ్డానికి ఇది చెడ్డ వార్తే. నాకు మాత్రం ఈ మొత్తం కథలో ఇంతకన్నా మంచి వార్త లేదనిపిస్తుంది. క్షణంలో పడిన దెబ్బకు మందు లేదు. రోజుల మీద సాగే దెబ్బకు మధ్యలో అడ్డుపడవచ్చు. అడ్డుపడే మందు కూడా అప్పటికే మందుల షాపుల్లో ఉంది.

ఆ మందు కోసం కథను కొంచెం వెనక్కి తిప్పాలి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు 1929లో ఒక వింత చూశారు. కీళ్లవాతంతో బాధపడే ఒక రోగికి కామెర్లు వచ్చాయి. కామెర్లు ఉన్నన్నాళ్లూ కీళ్ల నొప్పి మాయమైంది. గర్భిణులకూ ఆ నొప్పి తగ్గడం ఆయన గమనించారు. శరీరమే ఏదో మందు తయారుచేసుకుంటోందని అనుమానించారు గాని, అదేమిటో పట్టుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. అదే క్లినిక్‌లో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కొన్ని పదార్థాలు వేరు చేశారు. వాటిలో ఒకదాన్ని 1948 సెప్టెంబర్ 21న, మంచానపడిన 29 ఏళ్ల యువతికి తొలిసారి ఎక్కించారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది, షాపింగ్‌కి వెళ్లివచ్చింది. ఆ పదార్థమే కార్టిజోన్. 1950లో హెంచ్, కెండాల్‌లతో పాటు, బాసెల్‌లో విడిగా అదే దారిలో పనిచేసిన టాడెయుష్ రైక్‌స్టైన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. 1950ల చివర్లో, స్టెరాయిడ్‌లనే దాని వంశంలోనే, వాపును అణచడంలో చాలా బలమైన డెక్సామెథసోన్ తయారైంది. కొవిడ్ రోజుల్లో ఆక్సిజన్ మీద ఉన్న రోగుల ప్రాణాలు నిలిపిన మందుగా మన ఊళ్లలో కూడా దాని పేరు వినని ఇల్లు తక్కువ.

స్టెరాయిడ్‌కూ చెవికీ చుట్టరికం కలిపినది 1980లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన. రాత్రి బాగానే ఉండి పొద్దున్న లేచేసరికి ఒక చెవి వినపడకుండా పోయినవాళ్లలో కొందరికి స్టెరాయిడ్, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు విలియం విల్సన్ బృందంవాళ్లు. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 61 శాతం మంది కోలుకున్నారు, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 32 శాతం మంది. రోగుల సంఖ్య చిన్నదే కాబట్టి దాని మీద వాదాలు చాలా నడిచాయి. ఏమైనా, లోపలి చెవి దెబ్బతింటే స్టెరాయిడ్ ఇచ్చి చూడాలన్న అలవాటు అక్కడి నుంచి పాతుకుంది.

అయితే మింగిన మాత్ర లోపలి చెవికి చేరేది చాలా తక్కువ. మెదడుకు ఉన్నట్టే కర్ణావర్తానికీ రక్తనాళాల దగ్గర గట్టి కాపలా ఉంది. రక్తంలో తిరిగే ప్రతి పదార్థాన్నీ అది లోపలికి రానివ్వదు. ఆ కాపలా దాటేంత మోతాదు ఇస్తే మిగతా ఒళ్లంతా దాని ఫలితం అనుభవించాలి, షుగర్ ఉన్నవాళ్లకైతే మరీ చిక్కు. 1999లో కెనడాకు చెందిన లోర్న్ పార్న్స్ ఇద్దరు సహచరులతో కలిసి గినీపందుల్లో ఈ లెక్క తేల్చారు. నోటి ద్వారా ఒకసారి, నరం ద్వారా ఒకసారి, కర్ణభేరి వెనక నేరుగా మధ్య చెవిలో ఒకసారి మందు ఇచ్చి, లోపలి ద్రవంలో ఎంత చేరిందో కొలిచారు. మధ్య చెవిలో పెట్టిన మందే మిగతా రెంటినీ చాలా వెనక పడేసింది. మధ్య చెవికీ కర్ణావర్తానికీ నడుమ గుండ్రటి కిటికీ ఒకటి ఉంటుంది. దాని మీది పల్చటి పొరలోంచి మందు లోపలికి ఇంకుతుంది. ఇంప్లాంట్ సర్జన్‌కు ఆ కిటికీ ఎదురుగానే ఉంటుంది, ఎలక్ట్రోడ్‌ను అతను దూర్చేది అక్కడో, దాని పక్కనో.

ఇక తెలిసిన ముక్కలను ఒకచోట చేర్చడమే మిగిలింది. 2007లో మయామీ బృందం గినీపందుల చెవికి చిన్న పంపు అమర్చి, తీగ దెబ్బ పడ్డాక రోజుల తరబడి డెక్సామెథసోన్‌ను నేరుగా లోపలికి అందించింది. రెండో దెబ్బ చాలావరకు తప్పిపోయింది. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌వాళ్లు ట్రయామ్‌సినొలోన్ అనే ఇంకో స్టెరాయిడ్‌తో అలాంటి ఫలితమే చూపించారు. మెల్‌బోర్న్‌లో స్టీఫెన్ ఓలియరీ బృందం పంపు జోలికి పోకుండా, ఆపరేషన్ గదిలో రోజూ చేయగలిగే పని ఏమిటని ఆలోచించింది. గినీపందుల్లోనే, గుండ్రటి కిటికీ మీద మందు ఉంచి కాసేపు ఆగి, ఆ తర్వాత ఎలక్ట్రోడ్ దూర్చారు. ఆగిన సమయాన్ని బట్టి ఫలితం మారింది. కొద్దిసేపే ఉంచితే కిటికీ దగ్గరి కీచు ప్రాంతానికే రక్షణ అందింది. ఇంకా ఎక్కువసేపు ఉంచితే మందు లోపలి చుట్లలోకి పాకి అక్కడి కణాలనూ కాపాడింది. లోపల ద్రవం పారదు, నిలవ నీరులా ఉంటుంది. మందు తనంతట తానే ఇంకుతూ పోవాలి. సర్జన్ తొందరపడితే అది సగం దారిలోనే ఉండిపోతుంది.

గినీపంది కర్ణావర్తం చిన్నది, మనిషిది పెద్దది. కాపాడాలనుకునే మంద్ర ప్రాంతమేమో కిటికీకి అందనంత దూరాన, చిట్టచివరి చుట్టులో ఉంది. మనుషుల్లో ఫలితాలు అంత సూటిగా రాకపోవడానికి ఇదొక కారణం. 2012లో పెర్త్‌లో గునేశ్ రాజన్ బృందం ఆపరేషన్‌కు ముందుగానే మధ్య చెవిలో స్టెరాయిడ్ పెట్టి, పెట్టనివాళ్లకన్నా వినికిడి బాగా నిలిచిందని చెప్పింది. 2021లో మెల్‌బోర్న్ నుంచి నిరాశ కలిగించే ఫలితం వచ్చింది. ఆపరేషన్ సమయంలో కొందరికి నరం ద్వారా ఒకే ఒక పెద్ద డోసు స్టెరాయిడ్ ఇచ్చి, కొందరికి మందు లేని ద్రావణం ఇచ్చి, ఎవరికి ఏది అందిందో రోగులకూ వైద్యులకూ తెలియనివ్వకుండా చూస్తే, వినికిడి నిలవడంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఎలుకల కొలతలు చూసినవారికి ఇది మరీ వింత కాదు. రోజుల తరబడి నడిచే వాపుకు ఒక్క పూట మందు ఎంతకని చాలుతుంది?

అయితే చెవిని మూసేశాక రోజూ లోపలికి మందు అందించేదెలా? ఇక్కడ ఇంకో పక్కింటి తలుపు తట్టారు, ఈసారి గుండె వైద్యులది. పేస్‌మేకర్ తీగ కొస గుండె గోడను తాకే చోట కూడా ఇలాగే వాపు వచ్చి, పీచు కణజాలం పెరిగి, కరెంటు పారడం కష్టమయ్యేది. 1980ల్లోనే ఆ తీగల కొసలో చిటికెడు డెక్సామెథసోన్ దాచి, అది నెమ్మదిగా ఊరుతూ ఉండేలా చేశారు. అదే ఉపాయంతో ఇంప్లాంట్ తయారీదారులు ఎలక్ట్రోడ్ తొడుగైన సిలికాన్‌లోనే మందు కలిపారు. రాబర్ట్ బ్రిగ్స్ బృందం మెల్‌బోర్న్‌లో అలాంటి ఎలక్ట్రోడ్‌ను కొద్దిమంది రోగులకు అమర్చి, 2020లో ఫలితాలు ప్రకటించింది. మామూలు ఎలక్ట్రోడ్‌లలో కరెంటుకు అడ్డు పెరిగిన చోట, మందు ఊరే ఎలక్ట్రోడ్‌లలో అది తక్కువగానే, నిలకడగా ఉంది. చుట్టూ పీచు అంతగా అల్లుకోలేదనడానికి అదొక గుర్తు. జర్మనీలోనూ ఇలాంటి ఎలక్ట్రోడ్‌ల మీద పని సాగింది.

తెలుగు రాష్ట్రాల్లో కాక్లియర్ ఇంప్లాంట్ అన్న మాట ఇంటింటికీ చేరింది ఆరోగ్యశ్రీ వల్ల. 2007లో మొదలైన ఆ పథకం పుణ్యమా అని, లక్షలు పోసి కొనలేని కుటుంబాల పిల్లలకూ ఈ ఆపరేషన్ అందింది. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కాపాడుకోవడానికి వినికిడి పెద్దగా ఉండదు కదా, మందు ఎందుకని అడగవచ్చు. రెండేళ్ల పిల్లకు పెట్టిన ఇంప్లాంట్ ఆ పిల్ల జీవితాంతం పనిచేస్తుందన్న భరోసా లేదు. ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తీసి, అదే చెవిలో కొత్తది పెట్టాల్సి రావచ్చు. లోపల పీచూ ఎముకా పేరుకుపోయిన చెవిలో ఆ పని చాలా కష్టం.

ఇప్పుడు మిగిలిన వినికిడి ఉన్న రోగికి జాగ్రత్తగా ఆపరేషన్ చేసేచోట ఈ పాఠాలన్నీ కలిసి కనిపిస్తాయి. కొందరు సర్జన్లు ముందు నుంచే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడతారు. గుండ్రటి కిటికీ కనపడగానే దాని మీద మందు ఉంచి, అది ఇంకుతుండగా చెవి వెనక ఎముకలో ఇంప్లాంట్‌కు గూడు తొలిచే పని చూసుకుంటారు. ఎలక్ట్రోడ్‌ను దూర్చడానికి ఒకప్పుడు క్షణాలు పడితే ఇప్పుడు నిమిషాలు తీసుకుంటారు. ఆ నిమిషాల్లో రోగి చెవిలోకి ఒక శబ్దం పంపుతూ, దానికి కర్ణావర్తం ఇచ్చే జవాబును తెర మీద గీతగా చూస్తుంటారు. జవాబు సన్నగిల్లితే చెయ్యి ఆపి, ఎలక్ట్రోడ్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతారు. గీత మళ్లీ పైకి లేచాకే ముందుకు కదులుతారు.